ముసలి కుక్కకు ముందు లెక్క, తర్వాతే మందు

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు ఎనిమిదేళ్లు దాటిన కుక్కల గురించే. "నీళ్లు తెగ తాగుతోంది", "ఆయాసపడుతోంది", "బాగా చిక్కిపోయింది" అని రాశారు. ఎన్ని నీళ్లు, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోలకు తగ్గింది అన్నది మాత్రం ఒకరిద్దరే రాశారు. ముసలి కుక్కకు వైద్యం సగం ఆ అంకెల మీదే నడుస్తుంది. అందుకే కింద కొలతలు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. మందుల మోతాదులు రాసినచోట అవి మీ డాక్టరు చీటీ అర్థం కావడానికే గానీ, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవడానికి కాదు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు 11 ఏళ్లు, 26 కిలోలు. క్రియాటినిన్ 3.8 వచ్చింది, కిడ్నీలు పోయాయన్నారు. రోజూ 300 మి.లీ. సెలైన్ చర్మం కింద ఎక్కించమని డాక్టరు గారు నేర్పించారు గానీ చెయ్యి వణుకుతోంది. పెరుగన్నం తప్ప ఇంకేమీ పెట్టొద్దని పక్కింటివాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: "కిడ్నీలు పోయాయి" అన్నది తొందరపాటు మాట. కిడ్నీ జబ్బున్న కుక్కకు రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, 1.4 లోపు ఉంటే మొదటి దశ, 2.8 వరకు రెండోది, 2.9 నుంచి 5 వరకు మూడోది, 5 దాటితే నాలుగోది. మీవాడిది మూడో దశ. అదైనా వాంతులై ఒళ్లు ఎండిపోయిన రోజున తీసిన రక్తమైతే ఆ అంకెను నమ్మలేం. రెండు మూడు రోజులు సెలైన్ పెట్టి, ఒంట్లో నీరు నిలిచాక మళ్లీ చూడాలి. మూడో దశలోనూ తింటూ తిరుగుతూ నెలల తరబడి, కొన్నయితే అంతకన్నా ఎక్కువే నెట్టుకొచ్చే కుక్కలున్నాయి.

రక్తంతో పాటు ఇంకో రెండు పరీక్షలు అడగండి. ఒకటి మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందన్నది. ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటి నిలిస్తే దానికి వేరే మందు ఉంటుంది. రెండోది బీపీ. పై అంకె 160 దాటి అక్కడే ఉంటే దానికీ మందు కావాలి, లేకపోతే ఉన్న కిడ్నీ కూడా త్వరగా అరిగిపోతుంది. మన ఊళ్లలో పిడుదుల బెడద ఎక్కువ కాబట్టి ఎర్లికియా పరీక్ష కూడా చేయించండి. పిడుదుల జ్వరం లోలోపల ముదిరినా మూత్రంలో ప్రోటీన్ పోతుంది. దానికి డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి. ఐదో రోజున కుక్క లేచి అన్నం తినేసరికి మాత్రలు ఆపేయడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగే పొరపాటు.

ఇక సెలైన్. సూది వెళ్లేది నరంలోకి కాదు, వదులు చర్మం కిందికి. అక్కడ మీరు పాడుచేయగలిగింది పెద్దగా లేదు. బాటిల్‌ను గోరువెచ్చటి నీళ్ల బకెట్లో పది నిమిషాలు ఉంచండి. చల్లటి సెలైన్ ఒకసారి ఎక్కించారంటే మర్నాటి నుంచి బాటిల్ కనపడగానే మంచం కిందికి దూరుతుంది. రింగర్ లాక్టేట్, అదే షాపుల్లో ఆర్.ఎల్. అనేది, డాక్టరు రాసిచ్చి ఉంటారు. అది దొరకలేదని 5 శాతం డెక్స్ట్రోజ్‌గానీ డి.ఎన్.ఎస్.గానీ ఇస్తే తీసుకోకండి. చక్కెర కలిసిన సెలైన్ చర్మం కింద పనికిరాదు.

డ్రిప్ సెట్ గుచ్చి, చక్రం వదిలి, గొట్టంలో గాలంతా పోయి నీరు కారేదాకా ఆగి, చక్రం మూసేయండి. ప్రతిసారీ కొత్త సూది. ఈ సైజు కుక్కకు 18 నంబరు వాడండి. సన్నగా ఉంటే నొప్పి తక్కువని 22 నంబరు కొంటారు, దాంతో అరగంట పడుతుంది, ఏ కుక్కా అంతసేపు కూర్చోదు. బాటిల్‌ను కిటికీ ఊచకు, కుక్క వీపుకన్నా మూడడుగుల ఎత్తున కట్టండి. గట్టి ప్లాస్టిక్ బాటిలైతే పైన గాలి పోవడానికి ఇంకో సూది గుచ్చాలి. భుజాల మధ్య చర్మాన్ని మూడు వేళ్లతో లాగితే గుడారంలా లేస్తుంది. ఆ గుడారం మొదట్లో, వీపుకు సమాంతరంగా, సూది మొన ఏటవాలు కోత పైకి ఉండేలా ఒక్క ఊపున పోనివ్వండి. భయపడి మెల్లగా గుచ్చితేనే నొప్పి. బొచ్చు తడిసిందంటే సూది అవతలి వైపు బయటికొచ్చింది. బొట్లు ఆగిపోతే మొన చర్మానికి ఆనుకుంది, కొద్దిగా వెనక్కి లాగి తిప్పండి. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

అయ్యాక మూపురంలా వాపు లేచి, ముందుకాలి వైపు జారి వేలాడుతుంది. చూస్తే కంగారు పుడుతుంది గానీ ఆరేడు గంటల్లో ఇంకిపోతుంది. మర్నాటికీ ఇంకకపోతే ఇంకో డోసు ఎక్కించకుండా ఫోన్ చేయండి. గుండె జబ్బు కూడా ఉన్న కుక్కకు ఇదే సెలైన్ ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కాబట్టి కింద మూడో ప్రశ్నకు జవాబులో చెప్పిన శ్వాసల లెక్క మీరూ రోజూ రాయండి.

పెరుగన్నం మాట: కిడ్నీకి ముందుగా బరువయ్యేది భాస్వరం. అది పాలు, పెరుగు, పచ్చసొన, లివర్, ఎముకల్లో ఎక్కువ, తెల్లసొనలో చాలా తక్కువ. అన్నంలో ఉడికించిన తెల్లసొన, కొద్దిగా చికెన్, చెంచాడు నెయ్యి వేసి పెడితే పెరుగన్నం కన్నా మేలు. అయితే ఇది కొన్ని వారాలకే. నెలల తరబడి అయితే కిడ్నీ డైట్ ప్యాకెట్‌గానీ, డాక్టరు లెక్కగట్టి కాల్షియం, విటమిన్లు కలిపిచ్చిన పద్ధతిగానీ కావాలి. మాంసం పూర్తిగా ఆపేస్తే కండ కరిగి వెన్నుపూసలు తేలతాయి. భాస్వరాన్ని పట్టే మందు రాసిచ్చి ఉంటే అన్నంలో కలిపే ఇవ్వాలి, ఖాళీ కడుపున వేస్తే దండగ. ఇంట్లో మూత్రం పోస్తోందని రాత్రిళ్లు నీళ్ల గిన్నె తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వారానికోసారి బియ్యం కొట్టు కాటా మీద నిలబెట్టి బరువు రాసుకోండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల జర్మన్ షెపర్డ్ రాత్రి తిన్నాక ఓకరించాడు. నురగ తప్ప ఏమీ రాలేదు. పొట్ట ఉబ్బింది. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. తెల్లవారేసరికి పోయాడు. ఆరేళ్ల ఆడ షెపర్డ్ ఇంకొకటి ఉంది. దానికీ ఇలా కాకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది పొట్ట మెలిపడటమే అయి ఉండాలి. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో, షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్‌లలో, ముఖ్యంగా వయసు మళ్లాక వస్తుంది. గాలితో ఉబ్బిన జీర్ణాశయం తనచుట్టూ తాను తిరుగుతుంది. పైకి వచ్చే దారి, కిందికి పోయే దారి రెండూ మూసుకుపోతాయి. అందుకే ఓకరింపు ఉంటుంది, వాంతి రాదు. ఉబ్బిన సంచి వెనకభాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది, కుక్క షాక్‌లోకి వెళుతుంది. సోడా వల్ల పోయాడని కుమిలిపోకండి. కాకపోతే సోడా, వాము నీళ్లు, నూనె ఏది పోసినా లోపలికి దారి ఉండదు, పైగా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మామూలు వాంతికీ దీనికీ తేడా ఇదీ: మామూలుగా అయితే కక్కాక కుక్క తేలికపడి పడుకుంటుంది. ఇక్కడ పడుకోలేదు, లేస్తుంది, తిరుగుతుంది, పొట్టవైపు చూసుకుంటుంది, చొంగ కారుస్తుంది. ఎడమ డొక్క మీద వేలితో తడితే డప్పులా మోగుతుంది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. అంతకన్నా ఆలస్యమైనా, చిగురే పాలిపోయి ఉన్నా బయల్దేరాల్సిందే. పొద్దున చూద్దాం అనే వీలు ఈ జబ్బులో లేదు.

ఆసుపత్రిలో నరానికి సెలైన్ పెట్టి, గొట్టంతోనో లావు సూదితోనో గాలి తీసి, ఎక్స్‌రే చూసి, కోసి మెలి విప్పి, పొట్టను కుడి పక్క గోడకు కుట్టేస్తారు. ఆ కుట్టు వేయకుండా గాలి మాత్రం తీసి పంపిస్తే మళ్లీ తిరగబడటానికే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, ఉంచమంటే ఉంచండి.

రెండోదానికి గర్భసంచి తీసే ఆపరేషన్ ఇంకా చేయించకపోతే, అదే మత్తులో పొట్ట కుట్టు కూడా ముందుగానే వేయించవచ్చు. రోజుకు ఒక్కపూట పళ్లెం నిండా పెట్టే అలవాటు మానండి, రెండు మూడు పూటలు చేయండి. తినగానే పరుగులు వద్దు. అన్నిటికన్నా ముందు, రాత్రి పదకొండు గంటలకు మీ ఊరి చుట్టుపక్కల ఎవరు ఆపరేషన్ చేస్తారో ఈ వారమే ఫోన్ చేసి తెలుసుకోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి, గరివిడి, ప్రొద్దుటూరు, కోరుట్ల, మామునూరుల్లో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లోని కళాశాల క్లినిక్‌లో రాత్రి డ్యూటీ ఉందో లేదో ముందే అడగండి. ఫ్రిజ్ తలుపు మీద ఆ నంబరు, కుక్క బరువు, వాడే మందులు రాసి అంటించండి. ఆటో ఎక్కించేటప్పుడు చంకల కింద చేతులేసి ఎత్తకుండా, దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు నాలుగు చెంగులూ పట్టుకోండి.

ప్రశ్న: పదకొండేళ్ల పొమేరియన్. రాత్రిళ్లు దగ్గు. మాకు వాడే దగ్గు సిరప్ పోస్తున్నాం, తగ్గట్లేదు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సిరప్ ఈ రోజే ఆపండి. మనుషుల సిరప్‌లలో కొన్నిటిలో కుక్కలకు పడని మందులుంటాయి. చిన్న జాతుల్లో ఈ వయసులో రెండు అనుమానాలు ముందుకొస్తాయి: గుండె కవాటం లీకవడం, గాలిగొట్టం మెత్తబడటం. రెండోదైతే దగ్గు బాతు అరుపులా ఉంటుంది, మెడపట్టీ లాగగానే వస్తుంది. మెడపట్టీ తీసి ఛాతీ పట్టీ వేస్తేనే సగం తగ్గుతుంది. ఏదన్నది ఎక్స్‌రే, ఎకో (గుండె స్కానింగ్) తీస్తేనే ఖాయం. రెండూ కలిసి ఉన్నవీ తక్కువేం కాదు.

ఈలోగా మీరు చేయాల్సింది ఒకటుంది. గాఢంగా నిద్రపోయేటప్పుడు పక్కటెముకలు ఒకసారి లేచి పడితే ఒకటి అని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ముప్ఫై లోపు ఉండాలి. కలవరిస్తూ కాళ్లాడిస్తున్నప్పుడు లెక్కపెట్టకండి, ఎండలో నుంచి వచ్చాక కూడా వద్దు. రోజూ రాస్తే మీ కుక్క మామూలు అంకె, ఇరవయ్యో ఇరవై రెండో, మీకు తెలుస్తుంది. అది వరసగా ముప్ఫై దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూపించాలి. నలభై దాటి, మెడ చాచి, మోచేతులు ఎడంగా పెట్టి, పడుకోకుండా కూర్చుంటే ఆ క్షణమే బయల్దేరాలి. అప్పుడు నోట్లో నీళ్లు పోయడం, ఒళ్లో గట్టిగా అదుముకోవడం వద్దు. ఏసీ వేసి లేదా కిటికీ తీసి, దానికి నచ్చినట్టు కూర్చోనివ్వండి.

గుండె అని తేలితే ఎక్కువగా రాసేది పిమోబెండాన్. కిలోకు 0.25 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, తిండికి గంట ముందు. అన్నంలో దాచిపెడితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. నీరు తీసే ఫ్యూరోసిమైడ్ కూడా ఇస్తే దాహం, మూత్రం పెరుగుతాయి. నీళ్లు తగ్గించకండి. అప్పడాలు, చిప్స్, ఊరగాయ అన్నం ముద్దలు మాత్రం ఇక లేవు.

ప్రశ్న: తొమ్మిదేళ్ల ఆడకుక్క, ఆపరేషన్ చేయించలేదు. ఎదకు వచ్చి నెలన్నర అయింది. నీళ్లు విపరీతంగా తాగుతోంది, తిండి లేదు. షుగరా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: షుగర్ కన్నా ముందు గర్భసంచిలో చీము చూడాలి. ఎద తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్యే అది ఎక్కువగా కనిపిస్తుంది. వెనక నుంచి చీము కారకపోతే ఏమీ లేదనుకోకండి. మూతి మూసుకుపోయి లోపలే నిండేది ఇంకా ప్రమాదం, చిట్లితే కడుపంతా విషమవుతుంది. ఈ పత్రిక మీ చేతికొచ్చేలోపే స్కానింగ్ చేయించి ఉంటారని ఆశ. మందులతో ఈడ్చకుండా గర్భసంచి తీయించడమే సరైన వైద్యం. కిలోకు వంద మి.లీ. మించి నీళ్లు తాగే ఏ కుక్కనైనా అదే వారం చూపించాలి.

ప్రశ్న: ముక్కు పొడిగా ఉంటే జ్వరమని పారాసిటమాల్ సగం మాత్ర ఇచ్చాం. కాళ్ల నొప్పులకు మా అమ్మగారి మాత్రలు ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ముక్కు జ్వరం చెప్పదు. డిజిటల్ థర్మామీటరు మొనకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టండి. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలే. మన 98.6తో పోల్చి ఏటా ఎన్నో కుక్కలకు లేని జ్వరానికి మందు వేస్తున్నారు.

అమ్మగారి మాత్రలు వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క జీర్ణాశయంలో పుండ్లు పెడతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. రెండు మూడు రోజుల్లో మలం తారులా నల్లగా వస్తుంది. మెలాక్సికామ్ కుక్కలకూ వాడతాం, కానీ లెక్క చూడండి: మొదటి రోజు తప్పిస్తే రోజుకు కిలోకు 0.1 మి.గ్రా. పది కిలోల కుక్కకు ఒక మి.గ్రా. మనుషుల 15 మి.గ్రా. మాత్ర ఒకటి వేస్తే పదిహేను రోజుల మందు ఒక్క గుక్కలో వేసినట్టే. స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు ఈ నొప్పిమాత్రలు ఏవీ కలపకూడదు. పొరపాటున వేసేశారా, ఉప్పునీళ్లు పట్టించి కక్కించబోకండి, ఉప్పే విషమవుతుంది. మాత్రల అట్ట చేతబట్టుకుని రెండు గంటల్లోపు క్లినిక్‌కి వెళితే అక్కడ ఇంజక్షన్‌తో కక్కిస్తారు.

ప్రశ్న: పదేళ్ల కుక్కకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది. చేతిలో, అదే కాలి దగ్గర, తాళాలగుత్తి పెట్టాం. తగ్గింది. మళ్లీ వస్తే?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తాళాల వల్ల తగ్గలేదు. ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, తాళాలు వెతికేసరికి ఆ టైము అయిపోతుంది. మళ్లీ వస్తే ముందు గడియారం చూడండి. ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టరుకు మీ వర్ణన కన్నా అదే పనికొస్తుంది. మెట్లకు దూరంగా ఉంచి, కుర్చీలు జరిపి లైటు తగ్గించండి. నోట్లో వేలు, చెంచా, నీళ్లు ఏవీ వద్దు. కుక్క నాలుక మింగదు, మీ వేలు మాత్రం నలుగుతుంది. ఐదు నిమిషాలు దాటితే, లేదా ఇరవై నాలుగు గంటల్లో రెండోసారి వస్తే అత్యవసరమే. దారిలో తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండండి, ఆగకుండా కొట్టుకునే కుక్కకు ఒంటి వేడి పెరిగిపోతుంది. ఇన్సులిన్ వాడే కుక్క అయితే పళ్ల మధ్యకు వేలు పోనివ్వకుండా చిగుళ్లకు తేనె రాయండి.

పదేళ్లప్పుడు మొదటిసారి వచ్చిందంటే పుట్టుకతో వచ్చే మూర్ఛ కన్నా లివరు, కిడ్నీ, చక్కెర తగ్గడం, మెదడులో గడ్డ లాంటివే ముందు వెతకాలి. ఫినోబార్బిటాల్ మొదలుపెడితే రక్తంలో నిలదొక్కుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు తూలుతుంది, ఆకలి పెరుగుతుంది. "మందు పడలేదు" అని ఒక్కసారిగా ఆపితే ఇంకా పెద్ద ఫిట్స్ వస్తుంది. ఊరెళ్లేటప్పుడు మాత్రలు లెక్కపెట్టుకుని తీసుకెళ్లండి.

ప్రశ్న: పద్నాలుగేళ్లు. తల ఒక పక్కకు వాల్చి, గుండ్రంగా తిరిగి పడిపోతోంది, కళ్లు ఊగుతున్నాయి. పక్షవాతం అన్నారు, నిద్రపుచ్చేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఆగండి. ముసలి కుక్కల్లో ఇది ఎక్కువసార్లు లోపలి చెవిలోని తూకం తప్పడం. కళ్లు ఊగడం మూడు రోజుల్లో నెమ్మదిస్తుంది, రెండు మూడు వారాల్లో నడుస్తుంది, తల కాస్త వాలే ఉండొచ్చు. చెవిలో చీముందేమో చూపించండి, వాంతికి మందు తీసుకోండి, జారని గోనెపట్టా పరిచి నీళ్లు నోటి దగ్గరికే పెట్టండి. రెండు మూడు రోజులకూ ఏ మార్పూ లేకపోతే, లేదా కాళ్లు పట్టు తప్పుతుంటే మెదడు సంగతి చూడాలి.

ప్రశ్న: మావాడికి పొట్టలో గడ్డ. ఆపరేషన్ లాభం లేదన్నారు. ఎప్పుడు వదిలేయాలో ఎలా తెలుస్తుంది? ఆ ఇంజక్షన్ ఎలా ఉంటుంది?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ఇందుకో కొలత తయారుచేశారు. నొప్పి లేకుండా ఉండటం (ఆయాసమూ ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువ ఉండటం – ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చంటారు. ఇంట్లో ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా వేయండి. ఒళ్లో కూర్చోబెట్టుకునేవారు ఎప్పుడూ రెండు మార్కులు ఎక్కువే వేస్తారు. మా దృష్టిలో ఊపిరాడకపోవడం ఒక్కటే మిగతా ఆరింటినీ తోసిపుచ్చుతుంది.

లేవలేని కుక్కకు శుభ్రతే పెద్ద పరీక్ష. నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. తుంటి, మోచేయి ఎర్రబడితే పుండు మొదలైనట్టే. తడిసిన బొచ్చును కత్తిరించండి, దోమతెర వేయండి. వానాకాలంలో ఈగ వాలిన పుండులో ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి.

ఇంజక్షన్ గురించి డాక్టరును ఒక్క మాట నేరుగా అడగండి: "ముందు పూర్తిగా మత్తు ఇస్తారా?" మెలకువగా ఉన్న కుక్కకు నేరుగా పొటాషియం క్లోరైడ్ లేదా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించడం నరకం. అలాంటిచోట ఒప్పుకోకండి. సరైన పద్ధతిలో ముందు మత్తు సూది, పది పదిహేను నిమిషాలకు కాలికి పెట్టిన క్యాన్యులాలోంచి మత్తుమందే ఎక్కువ మోతాదు. ఒకటి రెండు నిమిషాల్లో శ్వాస ఆగుతుంది. కళ్లు మూతపడవు. తర్వాత ఒకటి రెండు పెద్ద ఊపిర్లు తీసినట్టు, కండరాలు అదిరినట్టు ఉండొచ్చు, మూత్రం పోవచ్చు. బతికి బాధపడుతోందని కాదు. పిల్లలు పక్కనే ఉంటే ఇది ముందే చెప్పండి.

పూడ్చేటట్టయితే నాలుగడుగుల లోతు, బావికీ బోరుకూ దూరంగా, ప్లాస్టిక్ చుట్టకుండా నూలు దుప్పట్లో. ఆ మత్తుమందు మాంసంలో ఉండిపోతుంది, వీధికుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణానికే ముప్పు. విప్పని సెలైన్ బాటిళ్లు, సూదులు క్లినిక్‌కి ఇచ్చేయండి, ఇంకొకరి కుక్కకు పనికొస్తాయి. విడి మాత్రలు మాత్రం ఎవరికీ పంచకండి.